మేము చూచిన కొలంబో

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగం)



మన కార్యదర్శిగారు ఇంటికి వచ్చి, "మీరు కొలంబో చూచి వచ్చారు గదా, పండుగనాడు అరగంట మాట్లాడండి" అన్నప్పుడు మేము ముందు కుదరదనే చెప్పాము. మేము పండితులము కాము. పదో తరగతితో చదువు ముగిసింది. నాన్నగారు సర్వీసులో ఉండగానే కాలం చేయడం వల్ల రైల్వేలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. అప్పటినుండి సెలవు చీటీలూ జీతాల పట్టీలూ తప్ప ఈ చెయ్యి మరొకటి రాసి ఎరుగదు. కాని కార్యదర్శిగారు పట్టినపట్టు వదిలే మనిషి కారు. "శాస్త్రం వద్దు, కంటికి కనబడింది చెప్పండి చాలు" అన్నారు. ఉగాది పచ్చడి తిన్న నోటితో చెబుతున్నాము గనుక తీపితోబాటు కాస్త చేదు కూడా వస్తుంది. పెద్దలు మన్నించాలి.

మా ఇంట్లో కొలంబో అనే మాట వింత మాట కాదు. మా తాతగారు పంబన్ స్టేషనులో పార్సిలు గుమాస్తాగా పనిచేశారు. 1914లో పంబన్ వంతెన తెరిచిన తరువాత మద్రాసు ఎగ్మూరులో బోట్ మెయిలు ఎక్కిన మనిషి ఒకే టిక్కెట్టు మీద కొలంబో కోట స్టేషనులో దిగేవాడు. ధనుష్కోటి రేవు దాకా రైలు, అక్కడ స్టీమరు, ఇరవై మైళ్ళకు పైగా సముద్రం, అవతల తలైమన్నారు, అక్కడ మళ్ళీ రైలు. ఆ మెయిలు ఈనాటికీ మన తిరుచ్చి మీదుగానే పోతున్నది. పేరులో బోటు మిగిలింది గాని దారిలో బోటు లేదు.

కొలంబో అని రాసి మా తాతగారు ఎన్ని వేల మూటలకు చీటీలు అంటించారో లెక్క లేదు. తాను మాత్రం ఒక్కసారీ దాటలేదు. రేపు పోదాము, ఎల్లుండి పోదాము అనుకుంటూ ఉండగానే 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి తుఫాను వచ్చి ధనుష్కోటిని తుడిచిపెట్టింది. పంబన్ నుండి ధనుష్కోటికి పోయిన పాసింజరు బండి, దానిలో ఉన్న వందమందికి పైగా జనం, అంతా సముద్రం పాలయ్యారు. ఆ బండిలో వేసిన మూటల పద్దు తన చేత్తో రాసినదేనని తాతగారు ముసలితనంలో కూడా చెప్పి చేతులు చూచుకునేవారట. తరువాత ఆయనకు పొన్మలైకి బదిలీ అయింది. మా కుటుంబం ఇక్కడే పాదుకొన్నది. రామేశ్వరం నుండి కొన్నేళ్ళు ఓడ నడిచింది గాని, దీవిలో యుద్ధం ముదరడంతో 1980లలో అదీ ఆగిపోయింది. 2023లో నాగపట్నం నుండి మళ్ళీ ఓడ వేశారు, అయితే అది పోయేది దీవి ఉత్తరపు కొసకు.

అందుచేత 2024 డిసెంబరులో, మా అబ్బాయికి అర్ధ సంవత్సరపు పరీక్షల సెలవులు రాగానే, మేము ముగ్గురమూ తిరుచ్చిలో విమానం ఎక్కాము. రైల్వే పాసు సముద్రం దాటదు గనుక డబ్బు పెట్టి కొన్న ప్రయాణం. తాతగారు జన్మంతా దాటలేకపోయిన నీళ్ళు ఇంచుమించు గంటలో కాళ్ళ కిందుగా జరిగిపోయాయి. మా శ్రీమతి కిటికీలోంచి చూచి, "ఇంతేనా!" అన్నది. మాకు గొంతు పట్టుకొని జవాబు రాలేదు.

దిగిన రోజు క్రిస్టమసు. ఊళ్ళోకి వచ్చి బసలో సామాను పడవేసి, సాయంత్రానికి గాల్ ఫేస్ మైదానానికి పోయాము. కొలంబో మొదటి చూపు అంటే మాకు అదే. ఒక పక్క నిలువెత్తు భవనాలు, ఒక పక్క సముద్రం, మధ్య సుమారు అర కిలోమీటరు పొడవున గడ్డి మైదానం. ఆకాశం నిండా గాలిపటాలు. కింద బంతులాడే పిల్లలు, గొడుగు చాటున గుసగుసలాడే జంటలు, కొత్త బట్టల క్రైస్తవులు, ముసుగు వేసుకొన్న మహమ్మదీయ స్త్రీలు, తెల్లచీర కట్టిన సింహళ అవ్వలు, విభూతి పెట్టిన తమిళ పెద్దలు. వీరందరి నెత్తిమీద సమానంగా అరిచే కాకులు.

మనము తూర్పు తీరం వాళ్ళము. నెల్లూరు తీరమైనా, మద్రాసైనా, నాగపట్నమైనా సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు. అక్కడ సముద్రంలోకి దిగుతాడు. మా అబ్బాయి ఆశ్చర్యపడి, "అప్పా, సూర్యుడు తప్పు పక్కకు పోతున్నాడు" అని తమిళంలో అరిచాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఆ ఎర్రటి పళ్ళెం నీళ్ళలో మునిగేవరకు అంతటి జనమూ ఒకే దిక్కుకు తిరిగి కూర్చున్నారు. సూర్యుడు మునిగీ మునగగానే బళ్ళ దగ్గర దీపాలు వెలిగాయి, పెనాల మీద చప్పుడు మొదలైంది.

ఆ తిండి సంగతి చెప్పకపోతే ఆడవారు మమ్మల్ని క్షమించరు. అక్కడ ఇస్సో వడ అని ఒకటి ఉన్నది. మన పప్పు వడే; అయితే దాని వీపు మీద రెండు మూడు రొయ్యలు తోకలతో సహా సవారీ చేస్తూ వేగుతాయి. ధనుర్మాసం గనుక మా శ్రీమతి వాటిని చూచి కళ్ళు మూసుకొని, దేవుడికి చెప్పుకొని, రొయ్యలు మా పళ్ళెంలోకి దింపి వట్టి వడ తిన్నది. కొత్తు రొట్టె అనే దానిని పెనం మీద రెండు ఇనుప రేకులతో కొడుతూ ముక్కలు చేస్తారు. ఆ తాళానికి ఆకలి లేనివాడికీ ఆకలి పుడుతుంది. నారింజ రంగు బొండాలున్నాయి, తంబిలి అంటారు. నీళ్ళు మన బొండాల కంటె తియ్యగా ఉంటాయి. మన రూపాయికి అక్కడ మూడు రూపాయలకు పైగా వచ్చాయి గనుక ఆ ఒక్క సాయంత్రం గుమాస్తా జమీందారు వలె ఖర్చు పెట్టాడు.

ఆ మైదానానికి ఒక కథ ఉన్నది. సర్ హెన్రీ వార్డ్ అనే ఇంగ్లీషు గవర్నరు అక్కడ సముద్రం వెంబడి నడిచే బాట వేయించి 1859లో పూర్తిచేశాడు. కొలంబో ఆడవారి కోసమూ, పిల్లల కోసమూ దీనిని కాపాడవలసిందని తన తరువాత వచ్చేవారికి సిఫారసు చేస్తూ రాతి మీద చెక్కించాడు. ఆ దొర మరుసటి ఏడే, 1860లో, మద్రాసుకు గవర్నరుగా వచ్చి, నెల తిరగకముందే కలరా తగిలి చనిపోయాడు. పదవి పోయింది, ప్రాణం పోయింది, సామ్రాజ్యమూ పోయింది. పిల్లల కోసం విడిచిన ఖాళీ స్థలం మాత్రం ఉండిపోయింది. ఆ మాట చదివి మేము కాసేపు అక్కడే నిలబడిపోయాము.

ఇంత ఆనందంగా ఉన్న స్థలం అన్ని రోజులూ ఆనందంగా లేదు. 2022లో ఆ దేశం అప్పులు తీర్చలేక దివాలా తీసినప్పుడు పెట్రోలుకూ గ్యాసుకూ జనం రోజుల తరబడి వరుసలో నిలబడ్డారు. ఏప్రిల్ నుండి వేలమంది ఇదే మైదానం దగ్గర డేరాలు వేసుకొని కూర్చొని అడగగా, జూలైలో అధ్యక్షుడు దేశం విడిచి పోవలసి వచ్చింది. 2019 ఈస్టరు నాడు దీవిలోని చర్చీల్లోనూ, కొలంబో హోటళ్ళలోనూ బాంబులు పేలి 250 మందికి పైగా పోయారు. అందుకే క్రిస్టమసు నాడు చర్చి వాకిట తుపాకీ పట్టిన జవానులు కనబడ్డారు. జవాను పక్కనుండే పిల్లలు బుడగలు పట్టుకొని లోపలికి పోతున్నారు.

మరునాడు డిసెంబరు 26. రైల్వే వాడు ఊరు చూడాలంటే ముందు స్టేషను చూడాలి గదా. పొద్దున్నే కోట స్టేషనుకు పోయాము. కోట అని పేరే గాని గోడలు లేవు; పోర్చుగీసులు మొదలుపెట్టి, డచ్చివారు పెంచి, ఇంగ్లీషువారు పడగొట్టిన కోట అది. స్టేషను ముందు కర్నల్ ఆల్కాటుగారి విగ్రహం ఉన్నది. మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం నడిపిన ఆల్కాటుగారే. సింహళంలో బౌద్ధుల బడులకు ప్రాణం పోసినవారని అక్కడ ఆయనను తలుచుకుంటారు.

టిక్కెట్టు కిటికీ దగ్గర మాకు కలిగిన సంతోషం రైల్వే కుటుంబాల వారికే అర్థమవుతుంది. మందపాటి అట్ట టిక్కెట్టు! మన కౌంటర్లలో ఏనాడో పోయిన ఆ చిన్న అట్టముక్క, తేదీ ముద్ర పడేటప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు, అన్నీ అక్కడ ఉన్నాయి. మౌంట్ లవీనియాకు మూడు టిక్కెట్లు కొన్నాము. ఒక్క క్షణం ఆలోచించి నాలుగోది కూడా కొన్నాము. "నాలుగోవారెవరు?" అన్నది మా శ్రీమతి. "ఉన్నారులే" అన్నాము.

ప్లాటుఫారం మీద నిలబడి ఉండగా ఏదో ప్రకటన వినిపించింది. తరువాత, ఒక్కొక్కరుగా, జనం ఆగిపోయారు. పరుగెత్తేవారు ఆగారు, శనగలమ్మేవాడు కేక ఆపాడు, టోపీ ఉన్నవారు తీశారు. సమయం తొమ్మిది గంటల ఇరవై అయిదు నిమిషాలు. రెండు నిమిషాలసేపు అంత పెద్ద స్టేషనులో కాకుల అరుపు తప్ప చప్పుడు లేదు. మాకు సంగతి తెలియక బిక్కచచ్చి నిలబడ్డాము. తరువాత ఒక ముసలి కూలీ తమిళంలో చెప్పాడు.

2004లో అదే రోజున అదే స్టేషను నుండి పొద్దున ఏడు గంటలలోపే సముద్రదేవి అనే బండి మాతర వైపు బయలుదేరింది. సెలవు దినం గనుక బండి కిక్కిరిసి ఉన్నది. పెరలియ దగ్గర సునామీ అల వచ్చి పట్టాలమీద బండిని ఆపింది. నీళ్ళు అంత ఎత్తుకు రావని చుట్టుపక్కల పల్లెల వారు పెట్టెల పైకి ఎక్కారు. రెండో అల పెట్టెలను ఆటబొమ్మల వలె విసిరివేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. లోకంలో రైలు ప్రమాదాలలో ఇంతమంది పోయినది మరొకటి లేదంటారు. అందుకే ఏటా ఆ తేదీన, అల వచ్చిన వేళకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటిస్తుంది. ఆ ఇంజనును మాత్రం మరమ్మతు చేసి మళ్ళీ పట్టాలెక్కించారు.

ముసలాయన చెబుతుంటే మాకు తాతగారి చేతులు కళ్ళముందు కనబడ్డాయి. ఇవతల ధనుష్కోటి బండి, అవతల సముద్రదేవి. రెండూ డిసెంబరు నెలలోనే పోయాయి, రెండింటినీ సముద్రమే తీసుకున్నది. నలభై ఏళ్ళ తేడా. సముద్రానికి ఇవతలి ఒడ్డు, అవతలి ఒడ్డు అని భేదం లేదు.

అంతలో మా బండి వచ్చింది. ఎక్కి చూస్తే పెట్టె మన చెన్నై పెరంబూరు కార్ఖానాలో తయారైనది! ఆ తీరపు లైనులో అటువంటి బండ్లు నడుస్తున్నాయి. పట్టాల వెడల్పు కూడా మన బ్రాడ్ గేజీయే, అయిదడుగుల ఆరంగుళాలు. కోట స్టేషను దాటిన కొద్దిసేపటికే బండి సముద్రానికి దగ్గరగా వచ్చి, కొల్లుపిటియ, బంబలపిటియ, వెల్లవత్త, దెహివల అంటూ ఒక్కొక్క స్టేషనులో ఆగుతూ అలల పక్కనే పోతుంది. గాలి విసిరితే తుంపరలు మొహాన పడతాయి. తలుపుల దగ్గర వేలాడే కుర్రవాళ్ళను చూచి మా అబ్బాయి తానూ వేలాడతానన్నాడు. రైల్వే గుమాస్తా కొడుకువై ఉండి నియమం తప్పుతావా అని కూర్చోబెట్టాము. అతి రమ్యమైన ప్రయాణం. కాని ఆ రోజు, ఆ పెట్టెలో పెద్దవారెవరూ సముద్రం కేసి తేలికగా చూడలేదు. మౌంట్ లవీనియాలో దిగి మూడు టిక్కెట్లు తలుపు దగ్గర ఇచ్చివేశాము. నాలుగోది ఇప్పుడు మా ఇంట్లో తాతగారి పటం చట్రానికి గుచ్చి ఉన్నది.

మూడో రోజు పేట చూశాము. ఇంగ్లీషువారు పెట్టా అంటారు. మన పేట, తమిళుల పేట్టై, అదే మాట. సింహళంలోనూ తమిళంలోనూ దానికి కోట వెలుపలిది అని అర్థం వచ్చే పేర్లున్నాయి. ఒక వీధి నిండా బట్టలు, ఒక వీధి నిండా బంగారం, ఒక వీధి నిండా ఇనుప సామాను. ఎరుపు తెలుపు చారలతో మిఠాయి వలె ఉన్న మసీదు ఒకటి ఉన్నది, 1909లో పూర్తయినది. దానికి కొద్ది దూరంలో చెట్టియార్ల కతిరేశన్ కోవిళ్ళు, మరికొంత దూరంలో డచ్చివారి పాత చర్చి. ఆటో తోలేవాడు గుడి ముందు ఒక చెయ్యీ, చర్చి ముందు ఒక చెయ్యీ ఎత్తి, స్టీరింగు దేవుడికి వదిలాడు.

మ్యూజియంలో కాండీ రాజుల సింహాసనం చూశాము. 1693లో డచ్చివారు కానుకగా ఇచ్చినది. 1815లో ఇంగ్లీషువారు పట్టుకొనిపోయి, 1934లో తిరిగి పంపారు. 1739 నుండి 1815 దాకా ఆ సింహాసనం మీద కూర్చున్నవారు మధుర నుండి పోయిన నాయక్కర్ వంశంవారు, అంటే మూలంలో మన తెలుగువారు. చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు మన వేలూరులో బందీగా ఉండి 1832లో కాలం చేశాడు. మా శ్రీమతి ఆ సింహాసనానికి దణ్ణం పెట్టబోయి, కాపలావాడు చూస్తున్నాడని చెయ్యి దింపుకొన్నది.

ఇక మాకు మనసులో నాటుకొన్న సంగతి చెప్పి ముగిస్తాము.

ఆ దేశంలో రైలు స్టేషను పేర్లు మూడు లిపులలో రాసి ఉంటాయి: సింహళం, తమిళం, ఇంగ్లీషు. చూడటానికి చిన్న పలక. దాని వెనుక ఎంత నెత్తురు ఉన్నదో పెద్దలకు తెలుసు. 1956లో సింహళమొక్కటే రాజభాష అని చట్టం చేశారు. 1983 జూలైలో ఇదే కొలంబోలో తమిళుల ఇళ్ళూ దుకాణాలూ తగలబెట్టారు. తమిళం కూడా రాజభాషే అని 1987లో రాజ్యాంగంలో చేర్చారు గాని అప్పటికే యుద్ధం ముదిరింది. అది 2009 దాకా ఆగలేదు. పక్కవాడి మాట వినపడనివ్వని ఊరికి ఎంత చేటో ఆ పలక చూస్తే తెలుస్తుంది. మనము ఈ తమిళదేశంలో తరతరాలుగా తమిళం నేర్చి, తమిళుల మధ్య తినీ తాగీ సుఖంగా ఉన్నాము. అది చిన్న భాగ్యం కాదని అక్కడ నిలబడినప్పుడే మాకు తెలిసివచ్చింది.

కాని రెండో పక్క కూడా ఒకటి ఉన్నది. చివరి సాయంత్రం మళ్ళీ గాల్ ఫేస్ పోయాము. ఒక మూల పాములవాడు బుట్ట ముందు పెట్టుకొని కూర్చున్నాడు. పక్కన భార్య చెయ్యి చూచి జోస్యం చెబుతున్నది. వారి చిన్నపిల్ల అలల వైపు పరుగెత్తింది. ఆమె కేక వేసింది. ఆ కేకలో "నీళ్ళు" అనీ, "రా" అనీ రెండు మాటలు మా చెవిన పడ్డాయి. మా శ్రీమతి గిరుక్కున తిరిగింది.

ఆ దీవిలో తరతరాలుగా పాములాడిస్తూ తిరిగే జాతి ఒకటి ఉన్నది. సింహళులు అహికుంటకులంటారు, తమిళులు కురవరంటారు. వారి ఇంటి భాష తెలుగు. బడి లేదు, పుస్తకం లేదు, సంఘం లేదు, ఉగాది సంచిక అసలే లేదు. ఎప్పుడు సముద్రం దాటారో వారికే తెలియదు. యాస వేరు, మధ్యలో సింహళపు మాటలు కలుస్తాయి. అయినా ఆమె మాటలో సగానికి పైగా మాకు అర్థమైంది, మా మాటలో సగం ఆమెకు అర్థమైంది. మా శ్రీమతీ ఆమే పావుగంట చేతులు పట్టుకొని మాట్లాడుకొన్నారు. పిల్లలకు ఇప్పుడు బడి సింహళంలో అనీ, ఈ పిల్లకు మాట అర్థమవుతుంది గాని బదులు సింహళంలో చెబుతుందనీ ఆమె వాపోయింది. తరువాత మా అబ్బాయి తల నిమిరి ఏదో అడిగింది. వాడు మా మొహం కేసి చూచి, "ఎన్న సొల్రాంగ?" అన్నాడు.

ఆమె అడిగింది వాడి పేరు. అంతే.

సోదరులారా, ఆ క్షణాన మాకు కలిగిన సిగ్గు దాచుకోదలచలేదు. అక్షరం ముక్క రాని పాములవాడు సముద్రానికి అవతల, ఎన్ని తరాలుగానో, వట్టి నోటితో నిలబెట్టిన భాషను, రైల్వే క్వార్టర్సులో ఫ్యాను కింద కూర్చొని మేము ఒక్క తరంలో జారవిడుస్తున్నాము. తప్పు పిల్లవాడిది కాదు. వాడితో ఇంట్లో తమిళంలో మాట్లాడినది మేమే, సులువుగా ఉంటుందని. తమిళం వాడికి అన్నం పెట్టే భాష, నేర్వవలసిందే. కాని పేరు అడిగితే చెప్పగలిగిన తెలుగైనా వాడికి మేము ఇవ్వవద్దా?

అక్కడినుండి వచ్చిన నాటి నుండి మా ఇంట్లో ఒక నియమం పెట్టాము. రాత్రి భోజనం దగ్గర తెలుగు తప్ప వేరే మాట లేదు. మొదటి నెలంతా మౌనంగానే తిన్నాము. రెండో నెల వాడు "ఉప్పు తక్కువ" అన్నాడు. మా శ్రీమతి అంత సంతోషించినది మేము ఎన్నడూ చూడలేదు. ఆ రోజునుండి కూరలో ఉప్పు తక్కువే వేస్తున్నదేమోనని మాకు అనుమానం. ఇప్పుడు వాడు మన ఆదివారపు తరగతిలో గుణింతాలు కూడబలుక్కుంటున్నాడు. ఆ తరగతికి ఈ సంవత్సరం ఏడుగురు పిల్లలే వస్తున్నారు. ఈ సభలో కూర్చున్న ఇళ్ళు లెక్కపెడితే ఏడు కంటె ఎక్కువే ఉన్నాయని మనవి.

కొలంబో చూడదగిన ఊరు. వీలైనవారు తప్పక పోండి, సాయంత్రం ఆ మైదానంలో కూర్చోండి, అట్ట టిక్కెట్టు కొని సముద్రం పక్కన రైలులో పోండి. ఎక్కడైనా బుట్టతో కూర్చున్న మనిషి కనబడితే ముందు తెలుగులో పలకరించి చూడండి.